కేరాఫ్ 56 ఏపీఓ

మొన్న మా ఇంటి గేటుకి రంగు వేయడానికొచ్చిన కుర్రాడు పని ముగించి, బ్రష్షులు కడుక్కోవడానికి సీసా మూత తీశాడు. కిరసనాయిలు. ఇప్పుడు ఇళ్ళల్లో ఆ వాసనే లేదు కదా. రేషన్ షాపు ముందు డబ్బాలు పట్టుకుని నిలబడే రోజులు పోయాయి, వత్తుల స్టవ్వులు పాతసామాన్ల వాళ్ళకి వెళ్ళిపోయాయి. వరండాలో పేపరు చదువుతున్న నాకు ఇక ఒక్క అక్షరం ముందుకు సాగలేదు. లడఖ్‌లో రాళ్ళు పేర్చి కట్టిన ఆ గది, మధ్యలో ఇనప బుఖారీ, దాని చుట్టూ కాళ్ళు చాపుకుని కూర్చున్న మావాళ్ళు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్ళల్లో చాలామంది ఇప్పుడెక్కడున్నారో, అసలు ఉన్నారో లేదో తెలియదన్న సంగతి ఆ పూటంతా మనసుని తొలిచేసింది.

నేను సైన్యంలో సిగ్నల్స్ ఆపరేటర్ని. వైర్‌లెస్ సెట్టు, మోర్స్ కీ, హెడ్‌ఫోన్లు, వీటితోనే నా సర్వీసంతా గడిచింది. హవల్దారుగా పెన్షన్ వచ్చాను. అప్పట్నుంచీ నాతో పనిచేసినవాళ్ళని వెతుక్కుంటూనే ఉన్నాను. కొందరు దొరికారు. దొరకనివాళ్ళలో ఒకడికి నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

* * *

బుఖారీ చూడనివాళ్ళకి చెప్పాలంటే, అదొక ఇనప పొయ్యి. కిరసనాయిలు ట్యాంకు కాస్త ఎత్తులో ఉంటుంది. సన్నటి గొట్టంలోంచి లోపలికి చుక్క చుక్కగా నూనె పడుతుంది. ఆ చుక్కల వేగాన్ని చిన్న కుళాయితో సర్దుకోవాలి. ఎక్కువైతే పొయ్యి లోపల ధబ్ ధబ్‌మని మోగేది, తక్కువైతే ఆరిపోయేది. పొగగొట్టం కప్పులోంచి బయటికి పోయేది గానీ, మసి సగం మా ముక్కుల్లోనే ఉండేది. పొద్దున్నే చీదితే నల్లగా వచ్చేది. ఉత్తరం రాయాలంటే బాల్‌పెన్ను ముందు బుఖారీ దగ్గర పెట్టి వేడి చేసుకోవాలి, లేకపోతే ఇంకు కదలదు. నాలుగు లైన్లు రాశాక మళ్ళీ వేడి చేయాలి. అప్పట్లో ఇంటికి రాసిన నా ఉత్తరాల్లో ప్రతి నాలుగైదు లైన్లకీ అక్షరాలు పలచబడి మళ్ళీ ముదురుగా మొదలవుతాయి. మా అమ్మ దాచిన కట్టలో ఇప్పటికీ అలాగే కనిపిస్తాయి.

పడుకునే ముందు బుఖారీ ఆర్పేయాలని గట్టి ఆర్డరు. తలుపులు బిగించుకున్న గదిలో ఆ పొగకి నిద్రలోనే పోయినవాళ్ళ సంగతులు ప్రతి యూనిట్‌లోనూ చెప్పుకునేవాళ్ళు. ఆర్పే పని పహాడీది. కుళాయి కట్టి, చివరి మంట ఆరేదాకా అక్కడే కూర్చుని, "చలో భాయ్, బత్తీ గుల్" అనేవాడు, పదండి, దీపం ఆరిపోయిందని. ఆ తర్వాత ఇరవై నిమిషాల్లో గది గడ్డకట్టేది. స్లీపింగ్ బ్యాగులో దూరి, తెల్లవారికల్లా గడ్డకట్టకుండా వాటర్ బాటిల్‌ని పొట్ట దగ్గర పెట్టుకుని పడుకునేవాళ్ళం.

పహాడీ అంటే పిథోరాగఢ్ కొండల మనిషి. లైన్‌మన్. అతని అసలు పేరుతో ఎవరం పిలవలేదు. లంగర్‌లో రోటీలు కాల్చే బిహారీని బిహారీ అనే అన్నాం. కన్నూరు కుర్రాడూ నేనూ మొదట్లో ఇద్దరం మద్రాసీలమే, తర్వాత తికమక అవుతోందని నన్ను ఆంధ్రా చేశారు. మా సెక్షన్ హవల్దారు సర్దార్జీ, ఆయన మా అందరికీ సాబ్. ఇక రావులు. తెలుగువాళ్ళ పేర్లలో చివరిమాట పట్టుకుని పిలిచే పద్ధతి వల్ల ఒకే చోట ముగ్గురు రావులు తయారయ్యేవాళ్ళు. అప్పుడు సర్వీస్ నంబర్లో చివరి రెండంకెలు కలిపేవాళ్ళు. మా గదిలో ఉన్నది రావు ముప్ఫై ఒకటి. శ్రీకాకుళం జిల్లావాడు, టెక్కలి పక్క పల్లె. నాకు సొంత తమ్ముడి కిందే లెక్క. నన్ను అన్నా అనేవాడు, నేను ఒరేయ్ అనేవాణ్ణి.

ఏడాదికి పైగా ఒకే గదిలో ఉన్నాం. ఎవరికి నిద్రలో కలవరింత, ఎవరికి పచ్చిమిరపకాయ పడదు, ఎవరి చెల్లెలి పెళ్ళి ఎందుకు ఆగింది, అన్నీ తెలుసు. ఊరి పేరు, ఇంటి పేరు మాత్రం కాయితం మీద రాసిపెట్టుకోలేదు. ఆ అవసరం ఉంటుందని ఆ వయసులో ఎవరికి తోస్తుంది?

* * *

అంతకుముందు జబల్‌పూర్. కాజీపేట, నాగ్‌పూర్, ఇటార్సీ, అక్కడ బండి మారి జబల్‌పూర్. సిగ్నల్స్ ట్రెయినింగ్ సెంటర్లో దిగిన రోజు నాకు హిందీలో మూడు ముక్కలు కూడా రావు. అయినా నెల తిరక్కుండా అందరం ఒకే భాష మాట్లాడుకున్నాం. అందులో సగం హిందీ, సగం మోర్స్.

మా మోర్స్ ఉస్తాద్ మరాఠా మనిషి. సన్నగా, ఎప్పుడూ కళ్ళు సగం మూసుకుని ఉండేవారు. వరసగా బల్లలు, ప్రతి బల్ల మీదా ఒక కీ, హెడ్‌ఫోన్లు. కొత్తవాళ్ళం ప్రతి అక్షరానికీ చుక్కలూ గీతలూ వేళ్ళ మీద లెక్కపెట్టేవాళ్ళం. ఆయన వెనకనుంచి వచ్చి మా వేళ్ళని అరచేతిలోకి మడిచేసి, "గినో మత్, సునో" అనేవారు. లెక్కపెట్టొద్దు, విను. ఏ అంటే డిట్ డా. ఎన్ అంటే డా డిట్. సీ అంటే డా డిట్ డా డిట్. కొన్నాళ్ళకి నిజంగానే లెక్క పోయి మోత మిగిలింది. రాత్రుళ్ళు బ్యారక్‌లో లైట్లు ఆపేశాక మంచం పట్టీ మీద గోటితో కొట్టుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్ళం. బయట డ్యూటీ సంత్రి బూట్ల చప్పుడు దగ్గరికొస్తే ఆగిపోయేవాళ్ళం.

ఇంకో మాట కూడా ఆయనే చెప్పారు. కీ మీద ప్రతి మనిషి చెయ్యీ వేరు. యంత్రం ఒకటే, కోడ్ ఒకటే, అయినా ఒకడు డిట్‌లు తొందరగా తోసేస్తాడు, ఒకడు అక్షరానికీ అక్షరానికీ మధ్య ఊపిరి పీలుస్తాడు. ఆరు నెలలు ఒకడితో పనిచేస్తే పేరు చెప్పకుండానే వాడెవడో తెలిసిపోతుంది. అప్పుడు నమ్మలేదు గానీ, అది అక్షరాలా నిజమని లడఖ్‌లో తెలిసింది.

ప్రతి ఫిబ్రవరి 15న మా కోర్ డే. 1911లో ఆ రోజున మొదలైన కోర్ మాది. సెంటర్లో ఆ రోజు బడా ఖానా. ఆఫీసర్లు, జేసీఓలు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు), జవాన్లు ఒకేచోట భోంచేస్తారు. ఉస్తాద్ మా పంక్తిలోకి వచ్చి, మా పళ్ళేల్లో ఆయన చేత్తో ఇంకో పూరీ వేసి వెళ్ళారు. ఆ ఒక్కరోజు ఆయన కళ్ళు పూర్తిగా తెరుచుకుని కనిపించాయి.

* * *

లడఖ్ ప్రయాణం అప్పట్లో జమ్మూ ట్రాన్సిట్ క్యాంపు నుంచి కాన్వాయ్‌లో. జవహర్ సొరంగం దాటి శ్రీనగర్, సోన్‌మార్గ్, అక్కణ్ణుంచి పదకొండున్నర వేల అడుగుల ఎత్తున జోజిలా కనుమ. బండ్లు ఒక పూట పైకి, ఒక పూట కిందికి. ఎదురెదురుగా పోవడానికి దారి లేదు. ద్రాస్, కార్గిల్ దాటి లేహ్. వెళ్ళగానే పని చెప్పరు. మొదటి ఆరు రోజులు ఒళ్ళు ఆ గాలికి అలవాటు పడాలి. ఇంకా పైకి వెళ్ళేవాళ్ళకి ఆ పై ఎత్తులో మళ్ళీ నాలుగు రోజులు, ఇంకా పైన మరో నాలుగు. తొందరపడితే ఆ కొండలు ఒప్పుకోవు. కుస్తీ పట్టే ఒళ్ళున్న పాతికేళ్ళ కుర్రాళ్ళు కూడా ఊపిరితిత్తుల్లో నీరు చేరి కూలిపోవడం కళ్ళారా చూశాం. హాపో అంటారు దాన్ని.

చలికాలంలో జోజిలా మూసుకుపోతే రోడ్డు లేదు. బియ్యం, పప్పు, కిరసనాయిలు అన్నీ ఎండాకాలంలోనే ఎక్కించి పెట్టుకోవాలి. ఉత్తరాలు విమానం మీద లేహ్ దాకా వచ్చి, వాతావరణం బాగుంటే మా దాకా. ఒక్కోసారి ఒకే రోజు ఒక్కొక్కరికీ కట్టలు కట్టలు వచ్చేవి. రావు వాటిని వెంటనే చించేవాడు కాదు. తేదీల ప్రకారం పేర్చుకుని రోజుకొకటి చొప్పున చదివేవాడు. పహాడీ అన్నీ ఒకేసారి చించి చదివేసి, మర్నాటి నుంచి రావు ఉత్తరాలు వినడానికి కూర్చునేవాడు. తెలుగు ఒక్క ముక్క రాదు. రావు హిందీలోకి మార్చి చెబుతుంటే, వాళ్ళ అమ్మ పెంచుకునే ఆవు ఈనిందా లేదా అని నిజంగా ఆత్రపడేవాడు.

సాయంత్రం ఏడు దాటాక వివిధ భారతిలో జయమాల వచ్చేది, ఫౌజీల కోసం వేసే పాటల కార్యక్రమం. పాట ముందు, కోరిన జవాన్ల పేర్లూ ర్యాంకులూ చదివేవాళ్ళు. మాకు పాటకన్నా ఆ పేర్ల మీదే చెవి. జబల్‌పూర్‌లో మా పక్క మంచం కుర్రాడి పేరు ఒకసారి అలా రేడియోలో విన్నాం. బతికే ఉన్నాడు, ఎక్కడో ఉన్నాడు, లతా మంగేష్కర్ పాట అడిగాడు. ఆ రాత్రి మా గదిలో పండగే.

* * *

ఒక రాత్రి ముందు పోస్టుకి వెళ్ళే టెలిఫోన్ లైను తెగింది. బయట మంచు పడుతోంది. పహాడీ లేచాడు. లైన్ పని ఒక్కడు చేసేది కాదు గనక, ఆ రాత్రి ఆపరేటర్ డ్యూటీ లేని నేను తోడు వెళ్ళాను. ఫీల్డ్ టెలిఫోన్ నా భుజాన, రిపేరు సామాను అతని నడుముకి.

తెగిన చోటు కంటికి కనబడదు. కేబుల్ మంచు కింద ఉంటుంది. పహాడీ వంగి, దాన్ని చేతి తొడుగులోంచి జారనిస్తూ నడిచేవాడు. కొంత దూరం పోయాక ఆగి, ఇన్సులేషన్‌లో రెండు పిన్నులు గుచ్చి టెలిఫోన్ కలిపి హ్యాండిల్ తిప్పేవాడు. వెనక ఎక్స్చేంజి పలికితే ఇక్కడిదాకా లైను బాగున్నట్టు. ముందు పోస్టు పలకకపోతే తెగింది ముందెక్కడో అన్నట్టు. మళ్ళీ నడక. అలా చేసుకుంటూ పోగా, ఒక చోట వెనక పలకలేదు, ముందు మాత్రం పలికింది. దాటి వచ్చేశామన్నమాట. వెనక్కి తిరిగి, చివరిసారి పలికిన చోటుకీ దీనికీ మధ్య ఒక్కో గజం తడిమాడు. మంచుపెళ్ళ జారి, దాని బరువుకి కేబుల్ రెండు ముక్కలైంది.

ముడి వేయాలంటే చేతి తొడుగు తీయాలి. తీశాడు. ప్లయర్స్‌తో ఇన్సులేషన్ ఒలిచి, రాగి, ఉక్కు పోగులు విడదీసి, రీఫ్ ముడి వేసి, పోగులు మెలేసి, టేపు చుట్టాడు. నేను టార్చి పట్టుకున్నాను. అతని వేళ్ళు తెల్లబడి, తర్వాత నీలంగా మారుతుంటే ఆ వెలుగులో చూస్తూ నిలబడ్డాను. ముడి పూర్తయ్యాక ఆ చెయ్యి నా పార్కా కోటు లోపల, చంకలో పెట్టుకున్నాడు. అలాగే ఇద్దరం ఒకే మనిషిలా కాసేపు నిలబడ్డాం. తర్వాత హ్యాండిల్ తిప్పి ముందు పోస్టుతో మాట్లాడి, "లైన్ ఓకే సాబ్" అన్నాడు.

ఆ చేతి వేలొకటి చివర ఇప్పటికీ స్పర్శ లేదట. ఈమధ్య ఫోన్లో చెప్పాడు.

* * *

ఇక నేను చెప్పాలనుకున్న మనిషి.

మా సెట్టుకి అవతలి వైపు, హెలికాప్టర్లుండే హెడ్‌క్వార్టర్ దగ్గర ఒక ఆపరేటర్ ఉండేవాడు. ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు. చెయ్యి మాత్రం తెలుసు. అందిందని చెప్పడానికి ఆర్ కొడతాం, డిట్ డా డిట్. అతను ఆ మధ్యలోని డా ని సాగదీసేవాడు. డిట్ డాాా డిట్. వినగానే, అవతల మనవాడే ఉన్నాడని ధైర్యం వచ్చేది. సెట్టు మీద సొంత కబుర్లు నిషేధం. కానీ ఒకసారి లైను మీద టెస్టింగ్ చేస్తుండగా నా హిందీ యాస విని, "అన్నా, తెలుగా?" అన్నాడు. బరంపురం వైపు వాడు. ఒడియా ఇంటివాడే గానీ బజారు తెలుగు బాగా వచ్చు. అంతవరకే. పేరు అడిగే లోపల ఎక్స్చేంజి లైను లాగేసింది.

ఆ చలికాలంలో పోస్టు నుంచి రావు ముప్ఫై ఒకటి దిగివచ్చాడు. దగ్గు. సాయంత్రానికి ఎగశ్వాస, పెదాలు నీలం, కళ్ళెలో గులాబీ రంగు నురగ. నర్సింగ్ అసిస్టెంట్ చూడగానే హాపో అన్నాడు. ఉన్న ఆక్సిజన్ పెట్టారు. తెల్లవారేసరికి కిందికి దించకపోతే కష్టం. రోడ్డు లేదు. చీతా హెలికాప్టర్ రావాలి, రాత్రి ఎగరదు, తొలి వెలుగులో రావాలంటే కబురు ఇప్పుడే అందాలి.

పొద్దు గూకితే పై గాలిపొరలు మారిపోతాయి, పగటి ఫ్రీక్వెన్సీ పనిచేయదు, కింది ఫ్రీక్వెన్సీకి దిగాలి. దిగాను. తుపాను చప్పుడు తప్ప ఏమీ లేదు. హెడ్‌ఫోన్లో ఇసక పోస్తున్నట్టు ఒకటే మోత. పిలిచాను, పిలిచాను. ఆ మోత కింద ఎక్కడో అడుగున సన్నగా ఒక చెయ్యి వినిపించింది. అతనే.

సందేశం రహస్య కోడ్‌లో, అయిదేసి అక్షరాల గుంపుల్లో వెళ్ళాలి. ఒక్క అక్షరం పోయినా అవతల అర్థం రాదు. నేను ఒక గుంపు కొట్టడం, అతను దాన్ని తిరిగి కొట్టి చూపించడం, తప్పైతే మళ్ళీ. సిగ్నల్ మధ్యలో మునిగిపోయేది. మునిగినప్పుడల్లా ఇద్దరం ఆగేవాళ్ళం. తేలగానే అతను ఆగిన చోటు నుంచే అందుకునేవాడు. విసుగు లేదు, తొందర లేదు, చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. నా వెనక మంచం మీద రావు ఊపిరి గురగుర వినిపిస్తోంది. సర్దార్జీ సాబ్ నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు, ఒక్క మాట మాట్లాడలేదు. చివరి గుంపు అయ్యాక చాలాసేపు ఏమీ లేదు. తర్వాత వచ్చింది. డిట్ డాాా డిట్.

అతని డ్యూటీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అయినా తెల్లవారేదాకా ఆ చెయ్యే ఉంది. ప్రతి అరగంటకీ పిలిచి, మేం ఉన్నామో లేదో చూసుకున్నాడు. తొలి వెలుగులో చీతా వచ్చింది. రావుని ఎక్కించాం. తర్వాత కొద్ది రోజులకే అవతల వేరే చెయ్యి వినబడటం మొదలైంది. అతనికి పోస్టింగ్ వచ్చి ఉంటుంది. ఆ పేషెంట్ బతికాడా లేదా అన్నది అతని దాకా వెళ్ళే దారే లేదు. ఆపరేటర్‌కి సందేశం చేరవేయడం వరకే తెలుస్తుంది, దాని ఫలితం ఎవరూ వచ్చి చెప్పరు.

* * *

పాతవాళ్ళతో తెగిపోకుండా ఉండే విషయంలో పదాతి దళాల వాళ్ళు అదృష్టవంతులు. చేరిన పల్టన్‌లోనే, అంటే బెటాలియన్‌లోనే సర్వీసంతా గడుస్తుంది, పెన్షన్ వెళ్ళాక కూడా పల్టన్ పుట్టినరోజైన రెయిజింగ్ డేకి పిలుపొస్తుంది. మా సిగ్నల్స్ వాళ్ళకి అలా కాదు. రెండు మూడేళ్ళకోసారి ఒక్కొక్కరినీ విడివిడిగా ఒక్కో యూనిట్‌కి పంపుతారు. నల్ల ట్రంకు పెట్టె మీద పాత యూనిట్ పేరు తుడిచి, తెల్ల పెయింటుతో కొత్తది రాసుకోవడమే. జమ్మూ స్టేషన్లో మిలిటరీ బోగీ ఎక్కిస్తూ, "చిట్టీ రాయ్" అంటాం. రాస్తాం కూడా.

కానీ ఏ చిరునామాకి? నంబరు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు. తూర్పు వైపైతే 99 ఏపీఓ. ఫీల్డ్‌లో ఎక్కడున్నా ఇంతే. ఢిల్లీలోనో కోల్‌కతాలోనో విడదీసి యూనిట్‌కి పంపుతారు, మనిషి ఏ కొండ మీదున్నాడో కవరు మీద తెలియకూడదు. భద్రతకి అది అవసరమే. కానీ మనిషి ఆ యూనిట్ నుంచి కదలగానే ఆ చిరునామా చచ్చిపోతుంది. నేను రాసిన ఇన్లాండ్ లెటర్లు కొన్ని ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రలతో నిండి, ఇక్కడ లేడన్న ముక్కతో తిరిగొచ్చాయి. అప్పటికి నేనూ ఇంకో చోటికి మారి ఉండేవాణ్ణి, అవి నన్ను వెతుక్కుంటూ వచ్చేవి.

పెన్షన్ వచ్చిన కొత్తలో ఉద్యోగం, పిల్లల చదువులు. ఎవరినీ వెతకలేదు, వెతకడానికి ఊపిరి ఆడలేదు. 2003లో మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ వచ్చాక విశాఖలో పాలీక్లినిక్‌కి వెళ్ళడం అలవాటైంది. అక్కడి బెంచీలే నాకు దారి చూపించాయి. పక్కన కూర్చున్నవాడు బీపీ మాత్రల చీటీ చేతిలో పట్టుకుని, "ఏ సెంటర్ సార్?" అంటాడు. జబల్‌పూర్ అంటే, "మా తోడల్లుడు కూడా సిగ్నల్సే" అంటాడు. అలా మొదలవుతుంది. క్యాంటీన్ క్యూలోనూ అంతే.

అధికారికంగానూ అడిగాను. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే, వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదన్న సెక్షన్ 8(1)(జె) చూపించి కుదరదన్నారు. బాధేసింది గానీ, ఆలోచిస్తే సరైనదే. ఒక ఫౌజీ ఇంటి అడ్రసు అడిగినవాడికల్లా ఇవ్వకూడదు. ఫేస్‌బుక్‌లో వెతికితే ఇంకో చిక్కు. మనవాళ్ళ పేర్లు భర్తీ రోజున గుమాస్తా ఎలా రాస్తే అలా ఉండిపోయాయి. ఇంటిపేరు వెనక్కి, అసలు పేరు ముందుకి, స్పెల్లింగు ఆయన దయ. మనవడు కూర్చుని ఒక్కో పేరునీ నాలుగైదు రకాలుగా కొట్టి చూసేవాడు.

* * *

రావు దొరికింది మాత్రం బెంచీ మీదే. కంటి ఆపరేషన్‌కి వచ్చిన ఈఎంఈలో, అంటే సైన్యం యంత్రాల మరమ్మతు విభాగంలో, నాయక్‌గా రిటైరైన ఒకాయనది టెక్కలి. "సిగ్నల్స్ రావు, నంబరు చివర 31" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఉన్నాడు కాదు సార్, ఉండేవాడు" అన్నారు.

వెళ్ళాను. పెంకుటిల్లు, వెనక జీడితోట. రావు భార్య నన్ను ఎప్పుడూ చూడలేదు, పేరు చెప్పగానే గుమ్మం దగ్గర నిలబడిపోయింది. "మీరేనా అన్నయ్యా... మీ గురించి ఎప్పుడూ చెప్పీవోరు" అంది. లోపల ట్రంకు పెట్టె అలాగే ఉంది, తెల్ల పెయింటుతో 31 అంకె చివర. దాన్లో లేహ్ స్టూడియోలో తీయించుకున్న ఫోటో. ఆరుగురం, వెనక గుడ్డ మీద గీసిన తాజ్‌మహల్. నా దగ్గర ఆ కాపీ ఎప్పుడో పోయింది.

"ఆ రేత్రి ఎవుడో కీ కొట్టకపోతే నాను లేను, మీరూ లేరు అనీవోరు పిల్లల్తోటి. ఆయన్ని చూడాలని చానా ఉండీది. పేరు తెల్దు కదా" అంది ఆవిడ.

మాటల్లో ఇంకోటి బయటపడింది. కుటుంబ పెన్షన్ కాయితాలు ఎక్కడో ఆగిపోయి ఉన్నాయి. రావు పీపీఓలో, అంటే పెన్షన్ ఆర్డరులో, ఆవిడ పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఎవరిని అడగాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈసీహెచ్‌ఎస్ కార్డు తనకీ వస్తుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్ళి, అఫిడవిట్ రాయించి, కాయితాలు పంపించాం. కొన్ని నెలలు పట్టింది గానీ పని జరిగింది. పాతవాళ్ళని వెతకడం ముసలివాళ్ళ ముచ్చట అనుకునేవాళ్ళకి ఈ ఇల్లు చూపించాలనిపిస్తుంది. మనం ఆలస్యం చేసిన ప్రతి ఏడాదీ ఇలాంటి గుమ్మం ఇంకొకటి ఎదురుచూస్తూ ఉంటుంది.

* * *

ఆ ఫోటోని మనవడు ఫిబ్రవరి 15న సిగ్నల్స్ వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు. గ్రూపు నుంచి గ్రూపుకి పాకి, పిథోరాగఢ్ చేరింది. మర్నాడు పొద్దున్నే తెలియని నంబరు నుంచి ఫోన్. "ఆంధ్రా? బత్తీ గుల్ కర్ దూఁ?" అన్న గొంతు. నేను మాట్లాడలేకపోయాను. మా ఆవిడ ఫోన్ తీసుకుని, వచ్చీరాని హిందీలో, "ఉన్నారు, ఏడుస్తున్నారు, రెండు నిమిషాలు ఆగండి" అని చెప్పింది.

తర్వాత ఢిల్లీలో కలిశాం. ఇండియా గేట్ పక్కన, 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం దగ్గర. అక్కడ త్యాగ చక్రంలో గ్రానైట్ రాళ్ళ మీద, స్వాతంత్ర్యం వచ్చాక విధి నిర్వహణలో పోయిన 25 వేలకు పైగా సైనికుల పేర్లు చెక్కారు. మేం వెళ్ళింది బిహారీ కోసం. 1984లో సియాచిన్ గ్లేసియర్‌ని స్వాధీనం చేసుకోవడానికి ఆపరేషన్ మేఘదూత్ మొదలయ్యాక, లంగర్ నుంచి తనంతట తాను అడిగి గ్లేసియర్‌కి వెళ్ళాడు. హిమపాతంలో పోయాడు. అతని పూర్తి పేరు మేమిద్దరం మొదటిసారి చదివింది ఆ రాయి మీదే. పహాడీ స్పర్శ లేని ఆ వేలితోనే అక్షరాల మీద రాశాడు. తర్వాత లాన్‌లో కూర్చుని పోట్లాడుకున్నాం. ఆ రాత్రి లైను తెగింది ముందు పోస్టుదని నేను, కాదు పక్క పోస్టుదని తను. ఇంకా తేలలేదు.

కన్నూరు కుర్రాడు గల్ఫ్‌లో చాన్నాళ్ళు ఉండి ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాడని తెలిసింది. సర్దార్జీ సాబ్ కొడుకుతో మాట్లాడాను. ఆయన పోయి చాలా కాలమైంది. కొడుక్కి తండ్రి సర్వీసు సంగతులు పెద్దగా తెలియవు. ఆ రాత్రి ఆయన చెయ్యి నా భుజం మీద ఎంతసేపు ఉందో చెప్పాను. అవతల నిశ్శబ్దంగా విని, "ఇంకా చెప్పండి అంకుల్" అన్నాడు. గంటసేపు చెప్పాను.

మిగిలింది బరంపురం మనిషి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో పెన్షనర్లు అందరూ ఎలాగూ బయటికొస్తారు. అప్పుడు పహాడీ, నేను బరంపురం వెళ్ళి గంజాం జిల్లా సైనిక్ బోర్డు దగ్గరా, క్యాంటీన్ క్యూలోనూ కూర్చోవాలని అనుకున్నాం. మా దగ్గర అతని పేరు లేదు, నంబరు లేదు, ముఖం తెలియదు. తెలిసింది ఇంతే: సిగ్నల్స్ ఆపరేటర్, బరంపురం వైపు వాడు, తెలుగు మాట్లాడతాడు, ఆపరేషన్ మేఘదూత్ మొదలైన తొలి ఏళ్ళలో లడఖ్‌లో ఉన్నాడు, ఆర్ కొట్టేటప్పుడు మధ్య డా సాగదీస్తాడు. అతనితో పనిచేసిన పాత ఆపరేటర్ ఎవరైనా ఉంటే, బల్ల మీద వేలితో కొట్టి వినిపిస్తే గుర్తుపడతాడు. మీ ఇంట్లోనో మీ వీధిలోనో అలాంటి పెద్దమనిషి ఉంటే ఆయన్ని అడగండి. ఒక తుపాను రాత్రి తెల్లవార్లూ కూర్చుని హెలికాప్టర్ పిలిపించిన సంగతి గుర్తుందా అని అడగండి. ఆ పేషెంట్ పేరు రావు అని చెప్పండి. బతికాడని, సర్వీసు పూర్తిచేసి ఇంటికెళ్ళాడని, జీడితోట వేశాడని, ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు తన చేతుల మీదుగా చేశాడని చెప్పండి.